పంక్తిలో పెరుగు వద్దనువారు

తెలుగువారి భోజనపంక్తియందు మాంసము వద్దన్నవానిని కారణమడుగువారు లేరు. 2014లో కేంద్రప్రభుత్వము జరిపించిన నమూనా సర్వేక్షణమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను నూటికి 98 మంది మాంసాహారులని తేలినను, మిగిలిన ఆ యిద్దరిపట్ల మన సమాజమునకు తొల్లిటినుండియు మన్ననయే యున్నది. వారి కులమో, గురువో, వ్రతమో కారణమై యుండునని అందరును ఊహింతురు, ఊహించి ఊరకుందురు. అదే పంక్తిలో కడపట పెరుగు వడ్డించువాడు వచ్చినప్పుడు విస్తరిపై చేయి అడ్డముపెట్టి, పాలు, పెరుగు, నెయ్యి, తేనె యేవియు తాను ముట్టనని చెప్పినవాడు మాత్రము తత్క్షణమే అందరి దృష్టికి గురియగును. ఒంట్లో బాగుండలేదా యని యొకరు, ఈ వింత యెక్కడ నేర్చితివని యొకరు, శ్రీకృష్ణుడంతటివాడు వెన్న తినలేదా యని వేరొకరు ప్రశ్నింపగా, తన అన్నము చల్లారువరకు అతడు సమాధానములు చెప్పుకొనవలసియుండును.

వీగన్లని పిలువబడు వీరి మార్గమునకు ఆ పేరు ఏర్పడినది 1944లో. ఇంగ్లండున డొనాల్డ్ వాట్సన్ అను కొయ్యపని నేర్పు ఉపాధ్యాయుడు కొందరు మిత్రులతో కూడి వీగన్ సొసైటీని స్థాపించినది అప్పుడే. భావము మాత్రము అంతకు పూర్వమే మానవహృదయమున మొలచినది. పదునొకండవ శతాబ్దిలో సిరియాదేశమున అబుల్ అలా అల్ మఅర్రీ అను అంధకవి పాలను, తేనెను, గ్రుడ్లను గూడ పరిత్యజించి జీవించెను. ఈ మాటలు వ్రాయుచున్న నేనును ఆ మార్గమున నడచువాడనే కనుక, తటస్థుడనని చెప్పుకొనను.

వాదము కఠోరమైనదే కాని క్లిష్టమైనది కాదు. పశువు పాలిచ్చుటకు ఈనవలయును. ఈనిన దూడలలో ఇంచుమించు సగము మగవి. నాగలి దున్నుటకును, బండి లాగుటకును ఎడ్లు కావలసియున్నన్నాళ్లు కోడెదూడకు ఇంట విలువ యుండెను. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఆ విలువ నశించినది. దున్నదూడ గతి అంతకంటెను హీనము. చేపుటకై తల్లి పొదుగునకు విడిచి వెంటనే దానిని లాగికట్టుటయు, అది ఆకలితో కృశించి చచ్చినయెడల దాని తోలులో గడ్డికుక్కి తల్లియెదుట నిలిపి పాలు పితుకుటయు పల్లెలలో పెరిగినవారికి క్రొత్తగా చెప్పనక్కరలేని సంగతులు. వట్టిపోయిన గేదె చివరకెచ్చటికి చేరునో పశువుల సంత చూచినవారెరుగుదురు. 1998 మొదలు పాల ఉత్పత్తిలో ప్రపంచమున ప్రథమస్థానము మన దేశమునదే. గేదెమాంసమును విశేషముగా ఎగుమతిచేయు దేశములలోను మనమున్నాము. ఈ రెండును ఒకే పాకనుండి వెడలుచున్న సంగతి మరచుటకు వీలులేదు. ఇది తెలిసిన పిదపను పాలు త్రాగువారిని నేను నిందింపను. తెలిసినందువలన త్రాగలేకపోయిన మనుష్యునకు పంక్తిలో చోటుండవలెనన్నదే నా అభ్యర్థన.

మన సమాజము ఆహారనియమములను సహింపలేనిది కాదు. మాలవేసికొన్న అయ్యప్పస్వామికి 41 దినములు ఇంట ఉల్లి, వెల్లుల్లి లేని వంట వండుదురు, వేరు పాత్రలు పెట్టుదురు. చెప్పులు లేక నల్లబట్టలతో కచేరికి వచ్చిన ఉద్యోగిని పై అధికారియే స్వామీ అని సంబోధించును. కార్తిక సోమవారమున నక్షత్రదర్శనమగువరకు ఉపవసించు ఇల్లాలికి ఇంటిల్లిపాదియు అనుకూలింతురు. హైదరాబాదు వివాహములలో దుంపలు తగులని జైనభోజనమును వేరుగా చేయించుట సామాన్యమైనది. మధుమేహమున్న మామగారికి చక్కెర లేని కాఫీ అడుగకయే వచ్చును. ఇన్ని విధముల ఒదుగగల వంటిల్లు వీగన్ అతిథియెదుట హఠాత్తుగా బిగుసుకొనుటకు కారణమేమి? దీక్షకు గడువున్నది, దేవుడున్నాడు. రోగమునకు వైద్యుని చీటీ యున్నది. వీగన్ నియమము వెనుక దేవుడును, వైద్యుడును లేరు. మనుష్యుడు తనంతట తాను ఆలోచించి చేసికొన్న నిశ్చయమొక్కటియే యున్నది. దేవునికొరకు విడిచినదానిని మన్నించి, దూడకొరకు విడిచినదానిని పరిహసించుట న్యాయము కాదు. మనస్సాక్షి విధించిన నియమమును దైవాజ్ఞతో సమానముగా గౌరవించుట మనకింకను అలవాటు కాలేదనియే నేను భావించుచున్నాను, ఈ కొరత భోజనమునకే పరిమితమైనదియు కాదు.

కష్టమంతయు అపరిచితులవలన వచ్చునది కాదు. ప్రేమించువారివలన వచ్చునదియే దుర్భరము. తల్లి ముద్దపప్పుపై వంచు నేతిగరిటె వంటపదార్థము కాదు, వాత్సల్యము. నేనెరిగిన ఒక యువతి హైదరాబాదులో ఉద్యోగము చేయుచు సంక్రాంతికి వరంగల్లులోని ఇంటికి పోగా, మనుమరాలికని నెయ్యివోసి లడ్డూలు కట్టియుంచిన అవ్వ, ఆమె వద్దనుట విని, “నా చేతితోని జేసింది గూడ తినవా బిడ్డా?” అని కన్నీరు పెట్టుకొన్నదట. ఆ ప్రశ్నకు తర్కమున సమాధానము లేదు. ఆ పిల్ల వాదింపక అవ్వ ప్రక్కన కూర్చుండి, గుడ్డమీద సకినాలు చుట్టి నూనెలో వేయించుచు ఆ మధ్యాహ్నమంతయు గడిపినది. బియ్యపుపిండి, నువ్వులు, వాము తప్ప అందులో ఏ పశువు సొమ్మును లేదు. మనుమరాలు తన చేతివంటను కాక నేతిని మాత్రమే కాదన్నదని అవ్వకు బోధపడుటకు ఆ మధ్యాహ్నము చాలినది.

ప్రసాదముకడ చిక్కు ఇంకను సున్నితమైనది. తిరుమల లడ్డూ నేతితో కూడినది, అన్నవరము ప్రసాదము నేతితో కూడినది, పంచామృతమున పాలు, పెరుగు, నెయ్యి, తేనె నాలుగును ఉన్నవి. వలదన్నచో దేవుని వలదన్నట్లుగా చూచువారు కలరు. అమెరికాలో చదువుచున్న తెలుగు విద్యార్థికి ఏ అంగడిలోనైన సోయాపాలు దొరకునుగాని, వారాంతమున తెలుగువారింట సత్యనారాయణవ్రతమునకు పోయినప్పుడు ఈ చిక్కు తప్పదు. ప్రసాదమును కన్నులకద్దుకొని ప్రక్కవారికందించువారిని నేను చూచియున్నాను. ఆ భక్తిని శంకింపదగదు. పట్టుచీర సంగతియు ఇట్టిదే: పట్టుగూళ్లను లోని పురుగుతోసహా వేడినీట ఉడికించి దారము తీయుదురు. పురుగు రెక్కలు వచ్చి వెడలిన తరువాత దారము తీయు అహింసాపట్టును రూపొందించినవాడు మన కుసుమ రాజయ్యగారేయైనను, పెండ్లికూతురు నూలుచీరలో పీటలపై కూర్చుండుటకు పెద్దలు సమ్మతించు ఇండ్లు నేటికిని కొన్నియే.

వంటింటి విషయమున మాత్రము తెలుగువాడు అదృష్టవంతుడు. రాయలసీమ రాగిసంగటి, వేరుశనగపచ్చడి. తెలంగాణ జొన్నరొట్టె, నువ్వులపొడి. కోస్తా పులిహోర, గోంగూర, ఆవకాయ, పెసరట్టు, గుమ్మడికాయ దప్పళము, నువ్వులచిమ్మిలి. ఉగాదిపచ్చడి, చవితినాటి ఉండ్రాళ్లు. వీనిలో ఏ యొక్కదానికిని పాలచుక్క అవసరములేదు. భోజనాంతమున పెరుగు లేని వెలితి నిజమైనదే. వేరుశనగపప్పును నానబెట్టి రుబ్బి, వడగట్టిన పాలను కాచి, గోరువెచ్చగా నున్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టినచో పుల్లని పెరుగు తయారగును. అది గేదెపెరుగు కాదు, నేనును ఆ మాట అనను. ఆవకాయతో కలిపి తిన్నప్పుడు మాత్రము అన్నము ముగిసినదన్న తృప్తి కలుగుచున్నది. అంగడిలో అమ్ము బాదము, ఓటు పాల ధరలు మధ్యతరగతికి అందునవి కావు గనుక ఈ ఇంటి ఉపాయములే శరణ్యము.

ఇల్లు వెడలిన తరువాతనే ఇక్కట్లు. హోటలులో నెయ్యి వద్దని చెప్పినను వంటవాని చేతివాటున ఇడ్లీపై చెంచాడు పడును. మైసూరుబజ్జీ పిండి పెరుగుతో కలుపుదురు. రవ్వదోసెకు మజ్జిగ పోయుదురు. శాకాహారపు బిరియానీలో పెరుగు, నెయ్యి రెండును ఉండును. ఊరమిరపకాయలు మజ్జిగలోనే ఊరినవి. పొట్లముపైనున్న ఆకుపచ్చచుక్క ఇక్కడ దారిచూపదు, ఏలయన పాలపొడి చేరిన బిస్కత్తునకును అదే చుక్క వేయుదురు. 2022లో ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ వీగన్ ఆహారములకు ప్రత్యేక నిబంధనలు చేసి వేరు చిహ్నమును నిర్ణయించినది. మంచిపనియే, కాని అది పెద్ద కంపెనీల డబ్బాలపై కనబడునదేగాని, మన ఊరి బేకరీ రొట్టెను, స్వగృహ మిఠాయిదుకాణమును అంటలేదు. అచ్చట అక్షరము చదువుటకంటె మనుష్యుని అడుగుటయే దారి.

ఆరోగ్యవిషయమున ఉపేక్ష పనికిరాదని ఈ మార్గమున నడచు యువకులకు గట్టిగా చెప్పదలచితిని. గాంధీగారు 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రమున మిత్రుడు కాలెన్‌బాక్‌తో కూడి పాలు విసర్జించిరి. ఆవులను, గేదెలను పాలకై హింసించు తీరును గూర్చి చదువుట అందుకొక కారణము. 1918లో ఖేడా ప్రాంతమున సంచరించుచు విరేచనములచే ప్రాణాపాయస్థితికి వచ్చి, కోలుకొనలేక, తుదకు కస్తూరిబా సూచనపై మేకపాలు స్వీకరించిరి. వ్రతము అక్షరమున నిలిచినను ఆత్మలో భంగపడినదని ఆత్మకథలో ఎంతయో పరితపించిరి. పాలకు సాటియైన శాకపదార్థమును ఆయన వైద్యులనడిగి వెదకించిరిగాని ఎవరును చూపలేకపోయిరి. ఆనాటికి బి12 విటమినును ఎవరును ఎరుగరు. అది వేరుపరుపబడినది 1948లో, ఆయన గతించిన యేటనే. సూక్ష్మజీవులు మాత్రమే సృష్టించు ఆ విటమిను శాకములలో లభింపదు. ఆకుకూరలలో సమృద్ధిగానుండు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించినవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. కాని ఆ ఆమ్లము రక్తహీనతను కప్పిపుచ్చగలదేగాని, బి12 లోపమువలన నరములకు కలుగు హానిని ఆపజాలదు. కనుక ఆకుకూరలు దండిగా తినుచున్నానని ధైర్యపడి యుండరాదు. సూక్ష్మజీవులచేతనే తయారుచేసిన మాత్ర మందులదుకాణమున చవుకగా దొరకుచున్నది; దానిని తప్పక వాడవలెను, రక్తపరీక్ష చేయించుకొనవలెను. కాల్షియమునకై ఇంత భయము లేదు: ఆవుపాలు నూరు గ్రాములలో దాదాపు 120 మిల్లీగ్రాములుండగా, రాగులలో 300కు పైబడియున్నది, పొట్టుతోడి నువ్వులలో అంతకు ఎన్నోరెట్లు. అందులో కొంతయే ఒంటబట్టునన్న ఆక్షేపణ సత్యమే. నానబెట్టి మొలకెత్తించినచో ఆ కొరత తగ్గును.

మిగిలిన ఆక్షేపణలలో నన్ను నిద్రపోనీయనిది ఒక్కటి కలదు. వాన కురియని యేట పంట పోయినను, ఉదయసాయంకాలములు పాలకేంద్రమునకు పోసిన రెండు లీటర్లే కుటుంబమును నిలుపుచున్న గ్రామములు రాయలసీమయందును తెలంగాణయందును కలవు. ముల్కనూరు మహిళల డెయిరీ వంటివి స్త్రీల చేతికి తమదైన డబ్బును, దానితోపాటు ఇంట మాటచెల్లుబడిని ఇచ్చినవి. నగరమున జీతము తీసికొనువాడు ఆ స్త్రీని క్రూరురాలని పలుకుట అధర్మము. దూడకే కాదు, తన బిడ్డకును పాలు పోయలేక కేంద్రమునకు పోయుచున్న తల్లి ఆమె. వేరుశనగ, నువ్వు, చిరుధాన్యములకు పాలవలె ప్రతిదినము రొక్కము చేతికందు ఏర్పాటు చేయనంతవరకు పాడి మానుమని చెప్పు అధికారము మాలో ఎవరికిని లేదు. ఈ కారణముచేతనే వీగన్లగువారు పంక్తిలో ఉపన్యసింపరాదని నా దృఢాభిప్రాయము. అడిగినవారికి చెప్పవలెను, అడుగనివారి విస్తరిలోనికి తొంగిచూడరాదు.

అటులనే సమాజమునుండి కోరదగినదియు స్వల్పమే. విశ్వవిద్యాలయ వసతిగృహములలో గ్రుడ్డు తినని విద్యార్థికి అరటిపండు ఇచ్చుచున్నారు. పాలు, పెరుగు ముట్టనివానికి మాత్రము రుసుము పూర్తిగా తీసికొని బదులేమియు ఇచ్చుటలేదు. గుప్పెడు వేరుశనగపప్పో, ఒక ముద్ద నువ్వులపచ్చడో ఇచ్చిన చాలును. వివాహములలో వంటలపేర్లు వ్రాసిన పలకలు పెట్టుట నేడు అలవాటైనది. నెయ్యి, పెరుగు తగిలినవానిపై ఆ మాట అదే పలకమీద వ్రాయవచ్చును. రాబోవు మాఘమాసపు ముహూర్తములకు వంటవారితో మాటలాడు పెద్దలు, తాలింపునకు నెయ్యి తగులకముందే పప్పును, కూరను ఒక్కొక్క గిన్నెడు విడిగా తీసియుంచుమని చెప్పినయెడల, ఖర్చు ఒక్క రూపాయియు పెరుగదు.