మానిటర్ తెర కిటికీ అద్దం కాదు

“గాజే కదా, గ్లాస్ క్లీనర్ కొట్టి తుడిచెయ్, పోతుంది.” ఇళ్లలో, ఆఫీసుల్లో, ఆఖరికి కంప్యూటర్లు అమ్మే షాపుల్లో కూడా ఇదే మాట. కిటికీలు తుడిచే ఆ నీలం నీళ్లు, చేతిలో నలిపిన పాత పేపరు ఉంటే చాలనుకుంటారు. ఈ నమ్మకం తప్పు. నిక్షేపంలా ఉన్న తెరలు దీనివల్లే పాడవుతున్నాయి.

ఒకప్పుడు ఈ మాటకు ఆధారం ఉండేది. బల్లంతా ఆక్రమించే ఆ పాత సీఆర్‌టీ మానిటర్ల ముందుభాగం మందపాటి గాజు. అవి పోయాయి, అలవాటు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు మన బల్లల మీదున్న ఎల్‌సీడీ మానిటర్లలో ఎక్కువ వాటికి వేలికి తగిలేది గాజు కాదు, ఆ గాజు మీద అతికించిన పోలరైజర్ అనే ప్లాస్టిక్ పొర. దాని పైముఖాన కంటికి ఆనని సన్నటి గరుకు ఉంటుంది. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు తెరలో ప్రతిబింబించి కళ్లలో కొట్టకుండా కాపాడేది ఆ గరుకే. కొన్ని గ్లాస్ క్లీనర్లలో ఉండే అమోనియా, ఘాటైన ద్రావకాలు దెబ్బతీసేది సరిగ్గా ఆ గరుకు పూతనే. నెయిల్ పాలిష్ తీసే ఎసిటోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది చాలా రకాల ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది.

“మరి ఫోన్‌ను స్పిరిట్‌తో తుడుస్తున్నాం కదా?” అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఫోన్ పైన ఉన్నది నిజంగానే గట్టి గాజు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో మెల్లగా తుడవొచ్చని 2020 మార్చిలో యాపిల్ చెప్పింది కూడా. అది ఆ కంపెనీ తన వస్తువులకు ఇచ్చిన అనుమతి. దాన్ని పక్కింటి మానిటర్‌కు వర్తింపజేయడం కుదరదు. చేతులకు రాసుకునే శానిటైజర్‌ది ఇంకో తంటా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఒక మిశ్రమంలో 80 శాతం ఇథనాల్‌తో పాటు 1.45 శాతం గ్లిసరాల్ ఉంటుంది. చర్మం పొడిబారకుండా కలిపిన ఆ గ్లిసరాల్ ఆవిరైపోదు, తెర మీద జిడ్డుగా మిగులుతుంది. ఆ జిడ్డుకు దుమ్ము ఇంకా బాగా అంటుకుంటుంది.

దేనితో తుడవాలన్నదాని కంటే ముందు ఆలోచించాల్సింది దుమ్ము గురించి. మన ఇళ్లలోకి వచ్చే దుమ్ములో సన్నటి ఇసుక రేణువులుంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7. మామూలు గాజే అంతకంటే మెత్తన, ఇక ప్లాస్టిక్ ఎంత! ఆ రేణువులు తెర మీద ఉండగా ఏ గుడ్డతో గట్టిగా రుద్దినా గీతలు పడతాయి. పేపరు, టిష్యూ అయితే చెక్కగుజ్జు పీచు కూడా రుద్దుతుంది.

“ఇన్నేళ్లుగా ఇలాగే తుడుస్తున్నాం, ఏమీ కాలేదు” అనేవాళ్లు ఒక పని చేయాలి. మానిటర్ ఆపి, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేలా పక్కనుంచి చూడాలి. ఎక్కువగా రుద్దే చోట, మిగతా తెరకంటే నున్నగా మెరిసే మచ్చ కనిపిస్తుందేమో చూడాలి. గరుకు తెర అక్కడ మెరుస్తోందంటే పూత అరిగిందని అర్థం. చాలామంది దాన్నే మరక అనుకుని ఇంకా రుద్దుతారు. అరిగిన పూత ఇంట్లో తిరిగి రాదు. ప్యానెల్ మార్చే ఖర్చుకు కొంచెం వేసుకుంటే కొత్త మానిటరే వస్తుంది.

ఇంతకంటే ప్రమాదం తెర మీదే స్ప్రే కొట్టడం. చుక్కలు జారి కింది అంచుకు చేరతాయి. అక్కడ ఫ్రేము వెనకాల తెరకు సిగ్నల్ ఇచ్చే సన్నటి రిబ్బన్లు, చిప్‌లు ఉంటాయి. ఆ సందులోకి తడి వెళ్తే మర్నాడు తెర మీద నిలువు చారలు కనిపించవచ్చు. చారలు పడ్డాక “మానిటర్ నాసిరకం” అని తిట్టడం అన్యాయం.

చేయాల్సింది నిజానికి చాలా తక్కువ. మానిటర్ ఆపి, ప్లగ్ తీసి, చల్లారనివ్వాలి. నల్లటి తెర మీద దుమ్ము బాగా కనబడుతుంది కూడా. ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి, నొక్కకుండా దుమ్ము దులపాలి. చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది. పోపు ఆవిరి, అగరొత్తుల పొగ, పిల్లల వేలిముద్రలు మిగిలితే గుడ్డ మూల కొంచెం తడిపి, చుక్క కారకుండా పిండి, మెల్లగా తుడవాలి. మొండి మరక మీద ఆ తడి మూలను కాసేపు ఆనించి ఉంచితే నానుతుంది, అంతేగానీ గోరు పెట్టకూడదు. బోరు నీళ్లు మాత్రం వద్దు, ఆరాక ఉప్పు మచ్చలు మిగులుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ సీలున్న డబ్బాలో దొరుకుతుంది, అది మేలు. పూర్తిగా ఆరాకే స్విచ్ వేయాలి.

ఇళ్లలో పనిచేసే ఆవిడ టేబుల్ తుడిచిన గుడ్డతోనే మానిటర్ తుడిచిందని కోప్పడేవాళ్లను చూశాను. ఆవిడకు వేరే గుడ్డ ఇచ్చి చెప్పింది ఎవరు? అసలు జవాబు చెప్పాల్సినవాళ్లు మానిటర్లు అమ్మేవాళ్లు. తెర గాజుదా, ప్లాస్టిక్ పూతదా, దేనితో తుడవాలి, దేనితో తుడవకూడదు అన్నది బాక్సు మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో వేయాలి. మాన్యువల్ చివర చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో రాసి చేతులు దులుపుకుంటే సరిపోదు. అంతవరకూ కొనేవాళ్లు బిల్లు కట్టేముందే కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న అడగాలి, “గ్లాస్ క్లీనర్ కొట్టండి” అని జవాబొస్తే మాన్యువల్ తెరిపించి చూపించమనాలి.