డబ్బా బిగించిన రోజే తాళం మార్చాలి

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌గ్రిడ్‌ను ప్రారంభించింది తుళ్లూరు మండలంలోని వెలగపూడి సచివాలయంలోనే. నెలకు 149 రూపాయలకే నెట్టూ, టీవీ, ఫోనూ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ ఊళ్లకు వచ్చింది, వైఫై డబ్బా గోడకెక్కింది. దాని తాళం సంగతే ఇప్పటికీ తేలలేదు.

కనెక్షన్ ఇచ్చే కుర్రాడు పావుగంటలో పని ముగిస్తాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారంటే ఇంటాయన తన ఫోన్ నంబరే చెబుతాడు. ఆ నంబరు మిరపకాయలు కొనే వ్యాపారి దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరి దగ్గరా ఉంటుంది. పక్కింటి పిల్లాడు సినిమా చూసుకుంటే పోయేదేముంది?

పోయేదుంది. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కాసేపటి ముందు టీవీ చానళ్లకు ఒక ఈమెయిల్ వచ్చింది. పోలీసులు దాని ఆచూకీ తీస్తూ నవీ ముంబైలో ఒక అమెరికా పౌరుడి ఇంటి తలుపు తట్టారు. ఆయన వైఫైకి కాపలా లేదు, దాన్ని వాడుకుని మెయిల్ పంపింది వేరేవాళ్లు. నెట్‌లో ఎవరేం చేసినా రికార్డుల్లో మొదట కనబడేది కనెక్షన్ ఉన్న ఇల్లే. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫైల భద్రతపై ఆదేశాలిచ్చింది.

అందుకే తుళ్లూరులో కనెక్షన్ ఇచ్చే ప్రతి ఆపరేటరూ ఇంటివాళ్ల ఎదుటే రెండు పాస్‌వర్డ్‌లు మార్చాకే గడప దాటాలి. గ్రామసభలో ఈ మాట గట్టిగా అడగాలి.

రెండెందుకు? ఒకటి వైఫైది. రెండోది రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లేది. చాలా డబ్బాల్లో ఇది కంపెనీ పెట్టిన ‘అడ్మిన్’ గానే ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి అరవై దాకా పాత పాస్‌వర్డ్‌లతోనే లక్షల సీసీ కెమెరాలు, రూటర్లలోకి దూరింది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయాయి. వాడుకున్నది ఇళ్లలోని మామూలు కెమెరాల్లాంటి వాటినే.

సెట్టింగులు తెరిచినప్పుడే వైఫై భద్రతకు డబ్ల్యూపీఏ2 గానీ, ఉంటే డబ్ల్యూపీఏ3 గానీ పెట్టించాలి. పాత డబ్ల్యూఈపీ 2001లోనే బద్దలైంది. పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపించాలి. దాని పిన్ చూడ్డానికి ఎనిమిది అంకెలే కానీ, రూటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది. దాంతో కోటి ప్రయత్నాలు పట్టాల్సిన చోట పదకొండు వేలు చాలని 2011లోనే బయటపడింది.

పాస్‌వర్డ్ పొడుగ్గా, నోటికి తేలిగ్గా ఉండాలి. ‘కల్లంలో మా తాత 47 టిక్కీలు’ అని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే చాలు, ఎవరూ ఊహించలేరు. ఇక్కడ అచ్చయింది కాబట్టి ఇది మాత్రం ఇక పనికిరాదు. చుట్టాలకు అసలుది ఇవ్వకుండా గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వొచ్చు.

ఇప్పటికే కనెక్షన్ ఉన్నవాళ్లకు ఒక వీలుంది. ఈ నెల బిల్లుకు ఆపరేటర్ వచ్చినప్పుడు కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఆ రెండు పాస్‌వర్డ్‌లూ మార్పించుకున్నాకే డబ్బు చేతిలో పెట్టవచ్చు.