అప్పు అక్కర్లేని పైచదువు

అమెరికాలో ఎమ్మెస్ అంటే పొలం తాకట్టు పెట్టడానికైనా వెనకాడని ఇళ్లు మన దగ్గర కోకొల్లలు. అదే అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం పీహెచ్‌డీకి ఎంపికైతే సాధారణంగా ఫీజు ఉండదని, పైగా ఐదేళ్లపాటు నెలనెలా స్టైపెండ్ ఇస్తారని ఆ ఇళ్లలో ఎందరికి తెలుసు? చాలాచోట్ల పీజీ కూడా తప్పనిసరి కాదు. నెదర్లాండ్స్, స్వీడన్‌లలోనైతే పరిశోధక విద్యార్థి ఉద్యోగి కిందే లెక్క. జీతం, సెలవులు అన్నీ ఒప్పందంలో ఉంటాయి. అందుకే అక్కడి సీట్లు ఉద్యోగ ప్రకటనల్లో కనిపిస్తాయి. యూరాక్సెస్, ఇనోమిక్స్ వంటి వెబ్‌సైట్లు వారానికోసారి చూస్తుండాలి.

ఇక మన దేశం సంగతి. యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. అది రాకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. పాతికేళ్ల మనిషి ఎనిమిది వేలతో అద్దె కట్టి, తిని, పుస్తకాలు కొనాలట! రిజర్వు బ్యాంకు ముంబైలో నెలకొల్పిన ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ, ఐఐఎంలు తమ పరిశోధకులకు ఫెలోషిప్ ఇస్తాయి. ముందు అటు ప్రయత్నించాలి. గైడు దొరికారు కదా అని పైసా రాని సీటులో చేరొద్దని నా గట్టి మాట. పూట గడవడానికి ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ చేసే పరిశోధన ఏళ్లకేళ్లు సాగుతుంది, మనిషి అరిగిపోతాడు.

ఆర్థికశాస్త్రానికి మన నేల కొత్త కాదు. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అవురుపల్లి వంటి గ్రామాల్లో ఇంటింటి ఆదాయవ్యయాలు రాయించడం మొదలుపెట్టింది. ఆ లెక్కలతో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ‘ఎకనమెట్రికా’ పత్రికలో రాసిన వ్యాసాన్ని ఇవాళ్టికీ ప్రపంచమంతా పాఠంగా చదువుతోంది. హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణాలపై ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనమూ అంతే. మన ఊళ్ల గురించి అడగాల్సిన ప్రశ్నలు మన పిల్లలూ అడగాలి కదా!

విదేశీ సీటుకు అడ్డుపడేవి రెండు. ఒకటి గణితం. లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ రాకుండా అమెరికా ఎంపిక కమిటీ గడప దాటడం కష్టం. బీఏలోనే పట్టుబట్టి నేర్చుకోవాలి. రెండోది సిఫారసు లేఖ. ఒక అమ్మాయి వెళ్లి అడిగితే మాస్టారు ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అంటారు. ‘క్రమశిక్షణ గలది, సత్ప్రవర్తన గలది’ అంటూ ఒక పేరా తయారవుతుంది. అవతలివాళ్లకు అది దేనికీ కొరగాదు. ఆ అమ్మాయి ఏ డేటాతో పనిచేసింది, ఎక్కడ చిక్కుపడింది, ఎలా బయటపడింది అన్నవే వాళ్లకు కావాలి. మాస్టార్లూ, దయచేసి ఆ గంట కేటాయించండి. మీరు రాసే ఒక్క పేజీ మీద ఒక బిడ్డ ఐదేళ్ల జీతం ఆధారపడి ఉంటుంది. అలాంటి పని చూపించే అవకాశం కాలేజీలో దొరక్కపోతే, పేదరికంపై పరిశోధన చేసే జె-పాల్ వంటి సంస్థల్లో ఒకటి రెండేళ్లు పరిశోధన సహాయకులుగా చేరవచ్చు. జీతమూ వస్తుంది, దగ్గరుండి పని చూసినవాళ్లు రాసే లేఖా వస్తుంది.

అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి. కాబట్టి ఆగస్టుకల్లా మాస్టారి తలుపు తట్టాలి. దరఖాస్తు రుసుము కొన్నిచోట్ల వంద డాలర్లు దాటుతుంది. కట్టలేనివాళ్లు మాఫీ అడగడానికి మొహమాటపడొద్దు, ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఫెలోషిప్‌తో సీటు వచ్చాక ఇంకోచోటి కబురు కోసం చూడాలనుకుంటే, చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 దాకా ఆగుతాయి.