మైకులో పేరా, పుస్తకంలో లెక్కా?



కమిటీ వాళ్లు పంపిన అజెండా చూసుంటారు. నాలుగో అంశం భజన మందిరం పైకప్పు నిధి. ఐదు వేలు, ఆ పైన ఇచ్చినవాళ్ల పేర్లు శ్రీరామనవమి నాడు మైకులో చదవాలట. పాతిక వేలు ఇచ్చిన కుటుంబాలకు సమారాధనలో మొదటి బంతి వేరుగా వేయాలట. దాని కింద మన తమ్ముడొకడు రాశాడు: "గురుద్వారాల్లో చూడండన్నా, పేర్లు చదువుతారు, డబ్బు వానలా కురుస్తుంది. మనకెందుకు మొగమాటం?"

ఆ తమ్ముడి మీద నాకు కోపం లేదు. పైకప్పు కారుతున్న మాట నిజం, పోయిన ఐప్పసి వానల్లో నేనూ బక్కెట్లు పెట్టినవాణ్ణే. కానీ గురుద్వారా పేరు ఎత్తాడు కాబట్టి నాకు తెలిసింది చెప్పాలి. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి. నేను బడిలో తమిళంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి, నవ్వకండి.

రిటైరైన మరుసటి ఏడు పాసు మీద నేనూ మా ఇంటావిడా నాందేడ్ వెళ్లాం. సికింద్రాబాదులో బండి మారాం. గురు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించిన ఊరు అది, గోదావరి ఒడ్డున ఉంది. సిక్కులకు ఉన్న ఐదు తఖ్తుల్లో అక్కడి హుజూర్ సాహిబ్ ఒకటి. 1956 దాకా ఆ ఊరు హైదరాబాదు రాజ్యంలోదే. ఆటో అతను మా ఇద్దరి మాటలు విని తెలుగులోకి దిగాడు. వాళ్ల తాతల నాటి నుంచి అక్కడే అన్నాడు. దక్కనులో సిక్కులు కూడా అలాగే. 1830ల్లో రంజిత్ సింగ్ కాలంలో పంజాబు నుంచి నిజాం సీమకు వచ్చిన సిపాయిలు తిరిగి పోకుండా ఉండిపోయారు. వాళ్ల సంతతి ఇవాళ హైదరాబాదులో తెలుగు మాట్లాడుతూ, గురుద్వారా నడుపుకుంటూ ఉన్నారు. ఊరు వదిలి వచ్చి, గుడీ భాషా కాపాడుకునే తిప్పలు మనకెంత తెలుసో వాళ్లకూ అంతే తెలుసు.

చెప్పులు పెట్టే చోట నా చెప్పులు అందుకున్న పెద్దాయన చేతి గడియారం చూస్తే నా రెండు నెలల పింఛను అయ్యేలా ఉంది. రెండు చేతులతో అందుకుని టోకెన్ ఇచ్చాడు. క్లోక్ రూములో మూడేళ్లు పనిచేశాను, నేను ఎవరి సామానూ అంత మర్యాదగా అందుకోలేదు. లోపల తల మీద గుడ్డ ఉండాలి, నా చేతిరుమాలు చాలింది. గ్రంథ్ సాహిబ్ ముందు అందరూ నేల మీదే. నమస్కారం చేసి గోలక్‌లో, అంటే మన ఉండియల్‌లో, ఎంత వేశామో ఎవరూ చూడరు. విడిగా కౌంటరులో వంద రూపాయలు కట్టాను. పేరు, ఊరు అడిగి రసీదు రాసిచ్చారు.

తరువాత లంగర్. మనం బంతి అంటాం, ఇక్కడ తమిళంలో పంది అంటారు (ఆ మాట తెలుగులో రాస్తే ఏమవుతుందో తెలుసు, నవ్వుకోండి), పంజాబీలో పంగత్. అన్నీ ఒక్క పంక్తే. నాకు కుడి పక్కన లారీ క్లీనరు, ఎడమ పక్కన పెద్ద కారులో దిగిన కుటుంబం. రొట్టె కావాలంటే ఎవరైనా సరే రెండు చేతులూ చాపాలి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని మనకు సామెత ఉంది. అక్కడ వడ్డించేవాడు ఎవరివాడూ కాడు, కడబంతి అనేదే లేదు. మా ఇంటావిడ తిని లేచి, అడక్కుండానే పోయి ఒక గంట గిన్నెలు తోమింది. ఇంట్లో ఆ పని నాకు చెబుతుంది.

అయితే తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. నాతో పనిచేసిన ఒక సర్దార్జీ గార్డు ఉండేవాడు. వాళ్ల ఊరి గురుద్వారాలో కీర్తన అయ్యాక సెక్రటరీ లేచి ఫలానా వారు ఇంత అని చదువుతాడని, దాని మీద ప్రతి ఏడూ గొడవేనని చెప్పేవాడు. గురువు సభలో గురువు పేరే వినబడాలి, సేటు పేరు కాదు అని ఒక పక్షం. కరెంటు బిల్లు నువ్వు కడతావా అని ఇంకో పక్షం. ఒకరి పేరు వింటే ఇంకొకరు ఇస్తారు, పైగా ఇచ్చినవాడికి తన డబ్బు చేరిందని తెలుస్తుంది అంటారు వాళ్లు. ఆ చివరి మాటను నేను కొట్టిపారేయను. దాని దగ్గరికే మళ్లీ వస్తాను.

డబ్బు విషయంలో సిక్కులు పడిన పాట్లు చిన్నవి కావు. సంపాదనలో పదో వంతు తీసిపెట్టడం వాళ్ల నియమం, దస్వంధ్ అంటారు. అది ఊరూరా వసూలు చేసి గురువుకు చేర్చడానికి మసంద్ అనేవాళ్లుండేవారు. మొదట మంచివాళ్లే. పోను పోను వాళ్లే చిన్న దొరలయ్యారు, వసూలైంది దారిలో కరిగిపోయింది. గురు గోవింద్ సింగ్ ఆ పద్ధతినే రద్దు చేసి, కానుకలు నేరుగా తెచ్చి ఇవ్వమన్నాడు. నడుమ చేతులు ఎక్కువైతే ఏమవుతుందో మూడు వందల ఏళ్ల కిందటే చూశారు.

తరువాత మహంతులు. బ్రిటిషు వాళ్ల కాలానికి చాలా గురుద్వారాలు వంశపారంపర్యంగా మహంతుల చేతికి పోయాయి. భూములూ కానుకలూ సొంత ఆస్తిలా వాడుకున్నారు, లెక్క అడిగినవాడు లేడు. 1920లో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ పుట్టింది. 1921 ఫిబ్రవరి 20న నన్కానా సాహిబ్‌లో మహంతు మనుషులు అకాలీలను చంపేశారు. అదే ఏడు అమృత్‌సర్ ఖజానా తాళాలు కలెక్టరు పట్టుకుపోతే, జనం జైళ్లకు పోయి 1922 జనవరిలో వాటిని వెనక్కి తెచ్చుకున్నారు. చివరికి 1925లో చట్టం వచ్చింది, ఎన్నికైన కమిటీ చేతికి గురుద్వారాలు వచ్చాయి, ఆ ఎన్నికల్లో ఆడవాళ్లకూ ఓటు. ఆలోచించండి. మా పేరు చదవలేదని వాళ్లెవరూ ప్రాణాలివ్వలేదు. గుడి మహంతుల సొత్తు కాదు, సంగత్‌ది, దాని డబ్బుకు సంగత్‌కే లెక్క చెప్పాలి అని ఇచ్చారు.

ఇవాళ అంతా సవ్యమేనా అంటే, కాదు. 2020లో గ్రంథ్ సాహిబ్ ప్రతులు 328 రికార్డులో తేలలేదని బయటపడి పెద్ద రచ్చ అయింది. కమిటీ ఎన్నికలు 2011 తరువాత పదేళ్లు దాటినా జరగలేదు. మన సంఘం ఎన్నికలు ఎప్పుడు జరిగాయో మీరు అడగండి, నేను అడగను. కానీ ఒకటుంది. వెయ్యి కోట్లు దాటిన ఆ కమిటీ బడ్జెట్ ఏటేటా సభలో పెడతారు, పత్రికల్లో వస్తుంది, తిట్టేవాళ్లు అంకెలు పట్టుకుని తిడతారు. 2024 డిసెంబరులో పంజాబు మాజీ ఉప ముఖ్యమంత్రిని అకాల్ తఖ్త్ పిలిపించి గిన్నెలు కడగమని శిక్ష వేసింది. మెడలో పలక వేసుకుని ఆయన గురుద్వారా వాకిట్లో కూర్చున్న ఫోటో అందరూ చూశారు. వాళ్లలో చాలామంది చూడనిది ఇంకొకటి: గురుద్వారా కమిటీ డబ్బుతో ఎప్పుడో వేయించిన పత్రికా ప్రకటనల ఖర్చును వడ్డీతో సహా కట్టమన్నారు. నాకు గిన్నెల కన్నా ఆ వడ్డీ నచ్చింది.

మొదటి బంతి సంగతికి వస్తాను. 1998లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా సిక్కులు లంగర్‌లో కుర్చీలూ బల్లలా, నేలా అని రెండుగా చీలిపోయారు. అంతకు ముందు ఏడు సర్రేలో గుడిలోనే కొట్టుకున్నారు కూడా. అకాల్ తఖ్త్ నేల మీదే కూర్చోవాలని ఆజ్ఞ ఇచ్చింది, కొందరు వినలేదు. దూరం నుంచి చూస్తే కుర్చీ కోసం ఇంత రభసా అనిపిస్తుంది. నా మోకాళ్లను అడిగితే కుర్చీకే ఓటు వేస్తాయి. ముసలివాళ్లకు బెంచీ వేస్తే ఏ గురువూ కోప్పడడు. మన అజెండాలో ఉన్నది మోకాలి నొప్పికి వేసే కుర్చీ కాదు, పాతిక వేలకు వేసే ఆకు. గురు నానక్ గురించి వాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. మాలిక్ భాగో అనే పెద్ద అధికారి విందుకు పిలిస్తే వెళ్లక, వడ్రంగి లాలో ఇంటి మోటు రొట్టె తిన్నాడట. అక్బరు లంగర్‌కు జాగీరు ఇస్తానంటే గురు అమర్ దాస్ వద్దన్నాడని, ఆ రోజు సంగత్ తెచ్చినదానితోనే ఆ రోజు వంట కావాలన్నాడని కూడా చెబుతారు. కథలో చరిత్ర ఎంతో నేను తేల్చలేను. ఏ కథను దాచుకున్నారో చూస్తే ఆ జనం దేనికి సిగ్గుపడతారో తెలుస్తుంది.

ఇక నా తప్పు.

నేను ట్రెజరరుగా ఉన్న రోజుల్లో మనం పేర్లు చదివేవాళ్లం, కొత్తవాళ్లకు తెలియదు. వెయ్యికి పైన మాత్రమే చదవమన్నారు, చదివాను. మందిరం వాకిట్లో పూలమ్మే అవ్వ ఏటా నూట ఒకటి ఇచ్చేది. ఆ ఏడు మనవణ్ణి పక్కన పెట్టుకుని చివరిదాకా నిలబడింది. మరునాడు ఇంటికి వచ్చింది. పేరు చదవలేదని అడగడానికి వచ్చిందనుకుని, "అవ్వా, వెయ్యికి పైనే చదవమన్నారు, నేనేం చేసేది" అన్నాను.

"పేరు ఎవరికి కావాలయ్యా, దేముడికి నా పేరు తెలీదా. నా నూటొకటి పుస్తకంలో ఎక్కిందా లేదా? రసీదు ఇయ్యలేదే నువ్వు."

ఎక్కలేదు. ఐదు వందల లోపు వచ్చినవన్నీ కలిపి ఉండియల్ అని ఒక్క వరుసలో రాసేశాను. తప్పించుకోవడానికి కాదు, బద్ధకం. ఆ అవ్వ ముందు నేను తల ఎత్తలేకపోయాను.

ఎందుకంటే అదే చేత్తో 36 ఏళ్లు బుకింగ్ కౌంటరులో కూర్చున్నాను. రైల్వేలో కౌంటరు ఎక్కే ముందు జేబులో సొంత డబ్బు ఎంత ఉందో పుస్తకంలో రాయాలి, ప్రైవేట్ క్యాష్ అంటారు. నా జేబులో నలభై రూపాయలుంటే నలభై అని రాసి సంతకం పెట్టాలి. విజిలెన్సు వచ్చి చూస్తే నలభై ఐదుంటే ఆ ఐదుకు జవాబు చెప్పాలి. నన్ను దొంగ అనుకుని కాదు ఆ పుస్తకం. రేపు ఎవరైనా దొంగ అంటే నన్ను కాపాడేది అదే. ఊరి టికెట్టు డబ్బుకు అంత కట్టుబాటు పాటించి, రాముడి డబ్బుకు "ఉండియల్ మొత్తం" అని రాశాను.

గార్డు చెప్పిన రెండో పక్షం మాట ఇప్పుడు చూడండి. ఇచ్చినవాడికి డబ్బు చేరిందని తెలియాలి, నిజమే. దానికి మైకు ఎందుకు? రసీదు ఉంది, నోటీసు బోర్డు ఉంది. మైకులో వచ్చిన మొత్తమే వినబడుతుంది, ఖర్చు వినబడదు. పోయిన నవమికి పందిరి వేసినవాడికి ఎంత ఇచ్చామో మీలో ఎంతమందికి తెలుసు? ఐదు వేలిచ్చిన పేరు మాత్రం తెలుసు.

మైకు లేకపోతే పైకప్పు పడదంటారు. పడకపోవచ్చు, ఒక ఏడు ఆలస్యం కావచ్చు. నేను ట్రెజరరుగా ఉన్న ఆరేళ్లలో పేర్లు చదివిన ఏడుకూ చదవని ఏడుకూ వసూలులో తేడా ఉందా అని పాత పుస్తకాలు తీసి చూశాను. చదివిన మొదటి ఏడు పెరిగింది. రెండో ఏడు ఇద్దరు పెద్దమనుషులు ఎవరి పేరు ముందు చదవాలని అలిగి ఇద్దరూ మానేశారు. మూడో ఏడు మొదటికే వచ్చింది. ఇది మన ఒక్క మందిరం లెక్క, దీన్ని ఊరంతటికీ సూత్రం అనను.

ఆదివారం సభలో నేను నాలుగో అంశానికి వ్యతిరేకంగా చెయ్యెత్తుతాను. దాని బదులు నేను అడిగేది ఇది. పది రూపాయలకైనా నంబరు వేసిన రసీదు ఇవ్వాలి. ప్రతి నెలా ఒకటో తేదీన జమా ఖర్చూ బోర్డు మీద పెట్టాలి, ఖర్చు పక్కన బిల్లు నంబరుతో సహా. సమారాధనలో వచ్చిన వరుసలో కూర్చోవాలి, ముసలివాళ్లకు నాలుగు బల్లలు పక్కన వేయాలి, వాటిలో ఒకటి నాకు. తమ్ముడికి ఇంకో మాట. కీర్తన అయ్యాక సెక్రటరీ చదివే ఆ పేర్లతో పాటు గురుద్వారా నుంచి చెప్పుల గదిని కూడా తెచ్చుకుందాం. నవమి నాడు వాకిట్లో చెప్పులు అందుకునే పని కమిటీ వాళ్లు వంతులేసుకోవచ్చు. మొదటి గంట నాది.

నా కాలం పుస్తకాలు ఆరూ సభకు తెస్తాను. ఉండియల్ అని ఒక్క వరుస రాసిన పేజీలో కాగితం పెట్టి ఉంచాను, చూడండి. లెక్కలన్నీ తమిళంలోనే ఉన్నాయి, కాబట్టి మీలో ఎవరికీ చదవడానికి కష్టం ఉండదు.