బీల దక్కింది.. ప్రాణాలే దక్కలేదు

సోంపేట: ప్రాజెక్టు ప్రతిపాదకుల దృష్టిలో అవి పనికిరాని చిత్తడి నేలలు. వరి పండించే రైతులకు, చేపలు పట్టే మత్స్యకారులకు అవే జీవనాధారం. శ్రీకాకుళం జిల్లా సోంపేట థర్మల్ విద్యుత్ కేంద్రం వివాదానికి ఈ అంతరమే మూలం.

2009లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో బీల ప్రాంత ప్రజలు ప్రాజెక్టును వ్యతిరేకించారు. అయినా అదే ఏడాది డిసెంబరులో కేంద్రం పర్యావరణ అనుమతి మంజూరు చేసింది. బాధితులు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీని ఆశ్రయించారు. తీర్పు వెలువడక ముందే, 2010 జూలై 14న, పోలీసు బందోబస్తు నడుమ పనులు చేపట్టబోగా గ్రామస్థులు అడ్డుకున్నారు. కాల్పుల్లో ఇద్దరు మృతి చెందారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఒక్క రోజు ఆగి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి.

ఆ పాఠం ఎవరి చెవికీ ఎక్కలేదు. 2011 ఫిబ్రవరి 28న ఇదే జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం వద్ద మళ్లీ కాల్పులు జరిగాయి; మరో ఇద్దరు బలయ్యారు.

సోంపేటలో థర్మల్ కేంద్రం రాలేదు. బీల మిగిలింది. అభిప్రాయ సేకరణ కేవలం తంతుగా ముగిసినంత కాలం, అప్పీలు తేలకముందే యంత్రాలు కదిలినంత కాలం, ప్రజలకు మిగిలేది వీధి పోరాటమే. దాని మూల్యం ఎంతో ఈ జిల్లాకు తెలుసు.