వెంటిలేటరు చూశాకే వాల్వు తిప్పాలి

పైపు గ్యాస్ ఇచ్చేవాళ్లు మీటరు బిగిస్తున్నారు, సంతకాలు తీసుకుంటున్నారు. అసలు సంగతి మాత్రం చెప్పడం లేదు. మా పొయ్యికి జెట్లు మార్చడానికి వచ్చిన కుర్రాణ్ణి ‘పాతవి బాగానే ఉన్నాయిగా బాబూ?’ అని అడిగితే, ‘కన్నం చిన్నదండీ, ఈ గ్యాసుకి మంట చాలదు’ అన్నాడు. అదైనా అడిగితేనే.

బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. గాలికన్నా బరువు. లీకైతే నేలబారున పాకి గట్టు కింద పేరుకుంటుంది. పైపులో వచ్చేది మీథేన్. గాలికన్నా తేలిక, పైకప్పు పట్టుకుంటుంది. ఆటోల్లో సుమారు 200 బార్ల ఒత్తిడితో కుక్కేదీ, మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా ఓడలకెక్కించేదీ ఈ మీథేనే. బండ గ్యాసుకీ, పైపు గ్యాసుకీ సొంత వాసన లేదు. కలిపే కంపు ఇంచుమించు ఒకటే కాబట్టి ముక్కు తేడా చెప్పదు.

బండ ఉన్నన్నాళ్లూ తలుపు కింది సందు అక్కరకొచ్చింది. ఇప్పుడు కావలసింది పైనున్న వెంటిలేటరు. దాన్నేం చేశాం? దోమలొస్తున్నాయని అట్టముక్క అడ్డం పెట్టాం, లేదా అటక కట్టి మూసేశాం. (మా ఆవకాయ జాడీలు కొలువున్నదీ అక్కడే.) చిమ్నీ ఉందిగా అంటారు. గ్యాస్ వాసన వచ్చినప్పుడు దాని స్విచ్చి ముట్టుకోకూడదు!

వంటగది పైభాగం చూడకుండా ఏ సంస్థా కనెక్షన్ ఇవ్వకూడదని నిబంధన పెట్టాలి. అట్టముక్క కనిపిస్తే అక్కడికక్కడే పీకించాలి, కాగితం మీద సంతకం ఆ తర్వాతే.