ఆటకు చప్పట్లు – అధికారానికి ప్రశ్నలు



ఫుట్‌బాల్ అనగానే మనకు పీలే, మారడోనా గుర్తుకు వస్తారు. మెక్సికోలో అడిగితే కువాటెమోక్ బ్లాంకో పేరు కూడా తప్పక వినిపిస్తుంది. 1973లో పుట్టిన బ్లాంకో మెక్సికో సిటీలోని టెపిటో అనే పేదల పేటలో పెరిగాడు. వీధి సంతకు, బాక్సర్లకు పేరుపడ్డ పేట అది. 1992లో క్లబ్ అమెరికా జట్టులో చేరాడు. కొంచెం వంగిన వీపు, వంకర పరుగు. చూస్తే ఆటగాడిలా అనిపించడు. బంతి కాలికి తగిలిందంటే మాత్రం అతడి దారి అతడిదే.

1998 ప్రపంచకప్‌లో దక్షిణ కొరియా ఆటగాళ్లు ఇద్దరు అడ్డం వస్తే, బంతిని రెండు పాదాల మధ్య ఇరికించుకుని కప్పలా గెంతి వాళ్ల మధ్య నుంచి దాటిపోయాడు. ఆ గెంతుకు అతడి పేరే స్థిరపడింది. 1999 కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్‌లో బ్రెజిల్‌ను 4-3తో ఓడించినప్పుడు మెక్సికో నాలుగో గోల్ అతడిదే. 2000లో మోకాలు దెబ్బతిని నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. తిరిగి వచ్చి, 2001 నవంబరులో హోండురాస్‌పై రెండు గోల్స్ కొట్టి జట్టును ప్రపంచకప్‌కు చేర్చాడు. 1998, 2002, 2010 – మూడు ప్రపంచకప్‌లలోనూ గోల్ చేసిన తొలి మెక్సికన్ అతడే.

పేదలు అతడిని ఎందుకు ప్రేమించారో వేరే చెప్పాలా? తమ వీధి భాష, తమ వీధి ఆట మార్చుకోకుండానే పైకి వచ్చాడు. అలాంటివాడిని చూస్తే మన గుండె కూడా పొంగుతుంది.

అయితే ఆ ప్రేమే తర్వాత ఓట్లయింది. 2015లో ఆట విరమించిన ఏడాదే క్యుర్నవాకా నగర మేయర్‌గా గెలిచాడు. 2018 నుంచి 2024 వరకు మోరెలోస్ రాష్ట్ర గవర్నర్. ఆ తర్వాత పార్లమెంటు సభ్యుడు. ఆటగాడు రాజకీయాల్లోకి రాకూడదా? తప్పక రావచ్చు. పేదపేట బిడ్డకు ఆ హక్కు అందరికన్నా ఎక్కువే ఉంది. కానీ హత్యలు, కిడ్నాపులతో అల్లాడే రాష్ట్రాన్ని నడపడం పెనాల్టీ కిక్ కాదు. అతడిపై వచ్చిన అత్యాచారయత్నం ఫిర్యాదు విషయంలో, విచారణకు వీలుగా పదవీ రక్షణ తొలగించాలన్న అభ్యర్థనను 2025లో దిగువసభ తోసిపుచ్చింది. ఆరోపణ అబద్ధమని అతడు అన్నాడు. నిజమేదో తేలాల్సింది కోర్టులో. సభలో చేతులెత్తితేనో, స్టేడియంలో ఈలలు వేస్తేనో అది తేలదు.

తారలను చూసి ఓటు వేయడం మనకూ కొత్త కాదు. తమ్ముళ్లూ, మనలోంచి కూడా రేపు ఆటగాళ్లు రావాలి, నాయకులూ రావాలి. వాళ్లు గోల్ కొడితే గొంతు పగిలేలా అరుద్దాం. కుర్చీ ఎక్కితే మాత్రం లెక్క అడుగుదాం. మనవాడని అడగకుండా ఊరుకుంటే నష్టపోయేది మళ్లీ మన పేటే.